తలుపు గడియ మీద ఫోకస్

రైలు గేటు వీధి
మార్చి 3

బావమరిదికి,

క్షేమమా అని అడగను. కోపంగా ఉన్నప్పుడు క్షేమం అడగడం నాకు చేతకాదు. ఫోనులో నువ్వు మాట తిప్పేస్తావు, నాకేమో ఎడమ చెవి సరిగా పట్టదు. అందుకే కాగితం తీశాను. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదువుకో. జవాబు కూడా కాగితం మీదే రాయి. రాసిన మాట ఎటూ పారిపోదు.

నిన్న నీ భార్య మీ అక్కకి ఫోను చేసింది. ఆసుపత్రి నర్సుల గ్రూపు ఫొటో పట్టుకుని వాళ్ల పెద్ద, మేట్రను, స్టూడియోకి వచ్చిందట. దాన్ని బల్ల మీద పడేసి, ఇందులో నా మొహం ఎక్కడుందో చూపించు అందట. అప్పుడు నువ్వు, మా బావగారికి వయసు మీద పడిందండీ, చెయ్యి వణుకుతోంది, ప్రింటు వేసేటప్పుడు కదిలిపోయింది అన్నావట.

అన్నావా, అనలేదా? ఒక్క ముక్కలో రాయి.

నేను నీ స్టూడియోకి ప్రింట్లు వేయడం మొదలుపెట్టి ముప్పై ఎనిమిదేళ్లు. మోకాళ్ల వల్ల మెట్లెక్కలేక ఈ ఊరొచ్చి రెండేళ్లయినా, నువ్వు పార్సిల్లో పంపిన ప్రతి ఫిల్ము షీటూ నేనే కడిగాను, నేనే ప్రింటు వేశాను. ఆ నర్సుల షీటు కడిగిన రోజే చూశాను, ముందు వరస పిండిముద్దలా ఉందని. చీటీ రాసి పంపాను, ఇంకో షీటుంటే పంపు, ఇది పనికిరాదు అని. ఇంకోటి లేదు, ఉన్నదే వేసెయ్యండి బావా అని నువ్వే రాశావు. ఆ చీటీ నా దగ్గరుంది.

మీ అక్క ఫోను పెట్టేసి నా చేతుల వంక చూసింది. టీ గ్లాసు తెచ్చి పట్టుకోమంది. అప్పటికే ఒళ్లంతా కోపంతో అదిరిపోతోంది, టీ ఒలికింది. ఇంకేం కావాలి. ఆసిడ్ సీసాల మధ్య మిమ్మల్ని వదలనంటూ డార్క్‌రూమ్‌కి తాళం వేసి, తాళం చెవి తన గుత్తిలో వేసుకుంది. నేను చెప్పింది వినదు. మా తమ్ముడికి అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏముంది అంటుంది.

ఏముందో నువ్వే చెప్పు.

మీ బావ

*

స్టూడియో, ఆసుపత్రి వీధి
మార్చి 9

పూజ్యులైన బావగారికి,

మీ బావమరిది నమస్కరించి రాసుకొనేది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ ఉత్తరం అందింది. మీ కోపం నాకు కొత్త కాదు గనుక దాన్ని ఆశీర్వాదంగానే తీసుకున్నాను.

ఆవిడ స్టూడియో నిండా జనం ఉన్నప్పుడు వచ్చి కేకలేసింది. ఏదో ఒకటి చెప్పి పంపాలి కదా. నోటికొచ్చింది చెప్పాను. మీరున్నది వేరే ఊరు. ఆ మేట్రను మిమ్మల్ని చూడనూ చూడదు, మీరు ఆవిడను చూడనూ చూడరు. మీకు పోయేదేముంది? ఈ మాట అక్కయ్య దాకా వస్తుందనుకోలేదు. మా ఆవిడకు నోట్లో మాట నిలవదని మీకూ తెలుసు.

ఇక ఫొటో సంగతి. ఫోకస్ నేను సరిగానే చూశాను. ప్రింటు వేసే ఎన్‌లార్జరు పాతది, దాని తల కాస్త జారి ఉండవచ్చు. మీ తప్పని అనడం లేదు. యంత్రం తప్పు కావచ్చని అంటున్నాను.

మీరు కూడా ఈ వయసులో ఇంకా ఆ చీకట్లో నిలబడి ఏం సాధించాలి? అక్కయ్య తాళం వేసిందంటే మీ మంచికే. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి.

అక్కయ్యకు నా నమస్కారాలు చెప్పండి.

మీ బావమరిది

*

రైలు గేటు వీధి
మార్చి 14

ఒరేయ్,

నీ నమస్కారాలు మీ అక్కకి చెప్పాను. మురిసిపోయింది. నాకు ఒళ్లు మండింది.

ఎన్‌లార్జరు తల జారిందా? నీకు తెలియక రాశావా, నాకు తెలియదనుకుని రాశావా? ప్రింటు వేసేటప్పుడు ఫోకస్ తప్పితే మొహంతో పాటు ఫిల్ములోని సన్నటి చుక్కలు, అదే గింజ, కూడా అలికినట్టవుతుంది. నీ దగ్గరున్న ప్రింటు తీసి భూతద్దం కింద పెట్టు. గింజ ఆవగింజల్లా విడివిడిగా ఉంటుంది. గింజ నిలబడి మొహం చెదిరిందంటే తప్పు నా బల్ల మీద జరగలేదు, నీ కెమెరాలో జరిగింది. చెయ్యి వణికితే మొత్తం ఫొటో ఒకే వైపుకి సాగుతుంది. ఇక్కడ ఏదీ సాగలేదు.

ఇంకా విను. డార్క్‌రూమ్ తాళం మీ అక్క దగ్గరుంది గానీ నెగెటివ్‌ల పెట్టె మంచం కిందే ఉంది. నర్సుల నెగెటివ్ తీసి కిటికీ అద్దానికి ఆనించి చూశాను. మెట్ల మీద మూడు వరసలు. ముందు వరసలో మేట్రను మొహం లేదు, మబ్బు ఉంది. రెండో వరస మెత్తగా ఉంది. మూడో వరస పరవాలేదు. వాళ్ల వెనక తలుపుంది చూడు, దాని ఇనుప గడియ, ఆ గడియకున్న నాలుగు మేకులు, ఒక మేకు మీది చీలిక, అన్నీ లెక్కపెట్టేటట్టున్నాయి. పద్దెనిమిది మంది ఆడపిల్లల్నీ మేట్రనునీ నిలబెట్టి నువ్వు తలుపు గడియకి ఫొటో తీశావురా.

అపర్చర్ ఎంత పెట్టావు? చెప్పనక్కర్లేదు, అయిదూ ఆరు పెట్టావు. మూడు వరసల గుంపుకి ఎవడైనా అంత రంధ్రం తెరుస్తాడా? రంధ్రం పెద్దదైతే లోతు తగ్గుతుందని, బొమ్మలో జానెడు మేర మాత్రమే నిలబడి ముందూ వెనకా కరిగిపోతుందని నీకు నేను చెప్పాలా? వరసలుగా నిలబడ్డ జనాన్ని చూస్తే ముందువాళ్లకీ వెనకవాళ్లకీ మధ్య మూడో వంతు లోపల ఫోకస్ పెట్టి, పదహారుకి మూసి తీయాలని మీ నాన్న నీకు చెవి మెలేసి నేర్పించాడు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. నవ్వాను కూడా.

మీ అక్కకి గడియ చూపించాను. తలుపు ఎంత బాగా పడిందో అంది. గింజ చూపించాను. నాకు గింజలూ తెలియవు, గుండ్లూ తెలియవు, మీరు అన్నానికి లేవండి అంది.

ఆ మేట్రను దగ్గరికి వెళ్లి తప్పు నాది అని చెప్పు. నాకు ఇంకేమీ వద్దు.

మీ బావ

*

స్టూడియో, ఆసుపత్రి వీధి
మార్చి 22

బావగారికి,

మీరు ఒరేయ్ అని మొదలుపెట్టారు కాబట్టి నేనూ సూటిగా రాస్తాను.

మీరు ముప్పై ఎనిమిదేళ్లు ఎర్ర దీపం కింద కూర్చున్నారు. అక్కడ మీతో ఎవరూ మాట్లాడరు. ఎదుట నిలబడి జనాన్ని భరించింది నేను. ఆరోజు మేట్రను గంట ఆలస్యంగా వచ్చింది. మబ్బు పట్టింది. పదహారుకి మూసి ఉంటే అర సెకను పట్టేది, పద్దెనిమిది మందిలో ఎవరో ఒకరు కదిలేవారు. అందుకే అయిదూ ఆరు పెట్టాను. ఇవి చీకటి గదిలో కూర్చున్నవాళ్లకు తెలిసే కష్టాలు కావు.

మేట్రను ఇంకో అవకాశం ఇచ్చింది. వచ్చే నెలాఖరున నర్సులందరూ శిక్షణ ముగించుకుని ఉద్యోగాల మీద తలో ఊరూ వెళ్లిపోతారు, ఈలోగా మళ్లీ తీయమంది. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: ప్రింటు ఆ ముసలాయన చేత వేయించకూడదు. నేను సరేనన్నాను. ఏమనమంటారు? బజారులో యంత్రంతో ప్రింట్లు వేసే ల్యాబ్ ఒకటి వచ్చింది. ఇకనుంచి అన్నీ అక్కడే.

మీ దగ్గరున్న నెగెటివ్‌లు, కిందటి ఆగస్టు నుంచి ఉన్నవన్నీ, వెంటనే తిప్పి పంపండి. ఒక్కటి కూడా ఉంచుకోవద్దు. వాటితో మీకిక పని లేదు.

మీ బావమరిది

*

రైలు గేటు వీధి
మార్చి 27

బావమరిదికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటి మూడుసార్లూ కోపంతో చదివాను. నాలుగోసారి ఒక మాట దగ్గర ఆగాను. కిందటి ఆగస్టు నుంచి అన్నావు. ఎందుకు? నా దగ్గర ఇరవై ఏళ్ల నాటివి కూడా ఉన్నాయి. అవి అడగలేదు.

పెట్టె మంచం మీద బోర్లించాను. రెండు రోజులు కిటికీ దగ్గర కూర్చున్నాను. మీ అక్క నాకు పిచ్చెక్కిందనుకుంది.

ఆగస్టుకి ముందువి చూశాను. ఒక్కో మొహం అపర్చర్ నాలుగు పెట్టి తీసినవి. కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. చెవి దగ్గరికి వచ్చేసరికి మెత్తబడుతుంది. వెనక గోడ ఉందో పొగ ఉందో తెలియదు. గోడని కరిగించడంలో నీ అంతవాడు లేడు. ఈ మాట నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు కూడా కోపంలో ఉన్నాను కాబట్టే రాస్తున్నాను.

ఆగస్టు తరవాతవి చూశాను. ముప్పై ఒక్క మొహాలు. అందరి వెనకా అదే గోడ, అదే సున్నం పెచ్చు, అదే మేకు. అన్నీ ఇరవై రెండుకి మూసి తీశావు. ఒకసారి కాదు, ఒక మనిషికి కాదు, అందరికీ. ఇరవై రెండుకి మూస్తే ముందూ వెనకా లోతు వస్తుంది. ఫోకస్ జానెడు తప్పినా ఆ లోతు చాటున దాక్కోవచ్చు. తన కన్ను మీద నమ్మకం ఉన్నవాడు అలా తీయడు. మబ్బు పట్టిన రోజున దాక్కోవడానికి లోతు దొరకలేదు, గడియ మీద దొరికిపోయావు.

ఏరా, నీకు కళ్లు కనిపించడం లేదు. ఆగస్టు నుంచా, అంతకు ముందు నుంచా?

నువ్వు ఫొటో పాడుచేశావని కాదు నా కోపం. నీ కంటి తెగులుని తెచ్చి నా చేతికి అంటగట్టావు. ఇంత బతుకూ బతికి నా ఇంట్లో నేను టీ తాగుతుంటే పెళ్లాం గ్లాసు వంక చూస్తోంది. బయట చెప్పుకుంటే నవ్వుతారు.

మీ అక్కకి ఇది చెప్పలేదు. చెబితే తాళం చెవి ఈ నిమిషంలో నా చేతిలో ఉంటుంది. నేను చెప్పను. నీ మీద చాడీ చెప్పి తెచ్చుకున్న తాళం చెవి నాకు అక్కర్లేదు. అబద్ధం నువ్వు చెప్పావు, నిజం కూడా నువ్వే చెప్పు. మేట్రనుకి చెప్పు, మీ అక్కకి చెప్పు.

నెగెటివ్‌లు పంపను.

మీ బావ

*

స్టూడియో
ఏప్రిల్ 4

బావా,

లావు కలంతో రాస్తున్నాను. వరసలు వంకర పోతే ఏమీ అనుకోకండి.

కిందటి ఏడాది జూన్ నుంచి. రెండు కళ్లకూ నడిమధ్య పొగమచ్చ ఉంది. చుట్టూ కనిపిస్తుంది, ఎక్కడ చూడాలనుకుంటే సరిగ్గా అక్కడే కనిపించదు. డాక్టరు గళ్ల కాగితం చూపిస్తే గీతలన్నీ మధ్యలో వంగి ఉన్నాయి. పోయింది తిరిగి రాదన్నాడు. మీ ఉత్తరాలు భూతద్దం పెట్టి పక్కచూపుతో కూడబలుక్కుంటున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు.

ఆ రోజు నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనక అద్దంలో చూస్తే మొహాలన్నీ పాలు ఒలికినట్టున్నాయి. తెల్ల బట్టలు, తెల్ల టోపీలు. ఆ తెలుపులో నల్లగా గడియ ఒక్కటి చిక్కింది. దాన్ని పట్టుకున్నాను.

నేను మేట్రనుకు చెప్పలేను బావా. మీ చెయ్యి వణుకుతుందంటే ఇంకో ప్రింటరు దొరుకుతాడు, స్టూడియో నడుస్తుంది. నా కన్ను పోయిందంటే స్టూడియోయే ఉండదు. అందుకే మీ పేరు చెప్పాను. నోటికొచ్చింది చెప్పానని రాశాను గానీ, అది కూడా అబద్ధమే. ఆవిడ తలుపు తోసుకుని వస్తుండగానే ఆలోచించుకున్నాను. మీరైతే తట్టుకుంటారనుకున్నాను.

మళ్లీ తీయడం ఈ నెల ఇరవైన. ఎలా తీయాలో తెలియదు.

మీ బావమరిది

*

రైలు గేటు వీధి
ఏప్రిల్ 8

బావమరిదికి,

నేను తట్టుకుంటానని ఎవడు చెప్పాడు నీకు?

నీ ఉత్తరం చదివి భోజనం మానేశాను. మీ అక్క అడిగితే కడుపు బాగాలేదన్నాను. నీ వల్ల నేను కూడా అబద్ధాలు నేర్చుకున్నాను. కన్ను పోవడం నీ తప్పు కాదు. దానికి నేనేమీ అనను, అనడానికి నాకు నోరు రాదు. ఆలోచించుకుని నా మీద పెట్టావు చూడు, అది నీ తప్పు. అది పోదు.

ఇక పని మాట. నీకు కన్ను లేకపోతే తాడు ఉంది. ఏడవకుండా చదువు.

ఒక గట్టి తాడు తీసుకో. ఒక కొస కెమెరా స్టాండుకి, సరిగ్గా లెన్సు కింద కట్టు. కొలిచి పన్నెండు అడుగుల దగ్గర ఒక ముడి, పద్నాలుగు దగ్గర రెండు ముడులు, పదిహేడు దగ్గర మూడు ముడులు వెయ్యి. ముందు వరస పన్నెండు మీద నిలబడాలి. వెనక వరస పదిహేడు దాటకూడదు. ఫోకస్ ఏ మొహం మీదా అక్కర్లేదు, పద్నాలుగు అడుగుల మీద పెట్టు. పదహారుకి మూశావంటే పదకొండు నుంచి పంతొమ్మిది దాకా లోతు దొరుకుతుంది. రంధ్రం మూసే రింగుకి నొక్కులున్నాయి, పూర్తిగా తెరిచి అక్కణ్నించి చెవితో లెక్కపెట్టుకో.

పద్నాలుగు అడుగులు అద్దంలో ఎలా చూడాలంటావు. నువ్వు చూడొద్దు. పక్క కొట్టు టైలరుని పిలువు. రెండు ముడుల దగ్గర వార్తాపత్రిక వేలాడదీసి, అద్దంలో అక్షరాలు చదవగలిగేదాకా కెమెరా లెన్సు పలకని దాని పట్టాల మీద జరపమను. అది ఆగిన చోట పట్టాల మీద ఆకురాయితో గీత పెట్టు. లోతుగా పెట్టు, వేలితో తడిమితే తెలియాలి. ఎందుకు అని టైలరు అడుగుతాడు. చెప్పు. అలవాటవుతుంది.

అర సెకను పడుతుందని భయపడ్డావు కదా. ఊపిరి బిగపట్టమని చెప్పు. వాళ్లు నర్సులు, ఆ మాట రోజూ రోగులకి చెప్పేవాళ్లే.

ఇదంతా ఊరికే చెప్పడం లేదు. షీటు పెట్టే ముందు మేట్రనుకి నిజం చెప్పు, ఆ పద్దెనిమిది మందీ వినేటట్టు చెప్పు. మీ అక్కకి ఉత్తరం రాయి. ప్రింటు నా దగ్గరికే రావాలి. ఇందులో ఒక్కటి తగ్గినా ఈ జన్మకి నీ గుమ్మం తొక్కను, నువ్వు నా గుమ్మం తొక్కొద్దు.

మీ బావ

*

స్టూడియో
ఏప్రిల్ 21

బావగారికి,

మీకు కావలసింది జరిగింది.

మెట్ల ముందు తాడు పరిచి చెప్పాను. అమ్మా, అప్పుడు ఫొటో పాడుచేసింది మా బావగారు కాదు, నేనే. నా చూపు పోతోంది. ఆయన చెయ్యి మీ చెయ్యి కన్నా స్థిరంగా ఉంటుంది అన్నాను. రెండోసారి చెప్పమంది. చెప్పాను.

ఆవిడ, "ఆ ముసలాయన సంగతి నేను పది మందికి చెప్పాను. ఆ పది మంది దగ్గరికీ నువ్వే వెళ్లి చెప్పి రా" అంది. పేర్లు చెప్పి ఒక నర్సు చేత రాయించి ఇచ్చింది. ఫొటో అయ్యాక, నిన్నా ఇవాళా, ఏడుగురి దగ్గరికి వెళ్లాను. ముగ్గురు మిగిలారు. పేర్ల కాగితం ఇచ్చాక ఆవిడ తాడు తనే పట్టుకుని, మొదటి ముడి గడ్డానికి ఆనించుకుని, ఇక్కడేనా అని అడిగింది. ప్రింటు ఎవరు వేస్తారని అడగలేదు. మీరేనని చెబితే తల ఊపింది.

ఊపిరి బిగపట్టమన్నాను. రెండు షీట్లు తీశాను. నల్లపెట్టెలో పంపుతున్నాను. ఏం పడిందో నాకు తెలియదు.

ఈ వారం ముగ్గురు ఫొటోకని వచ్చి, గుమ్మం దగ్గర టైలరుతో మాట్లాడి వెనక్కి వెళ్లిపోయారు. ఇది కూడా మీకు తెలియాలని రాస్తున్నాను. నాకు మీ మీద కోపం లేదని అబద్ధం చెప్పను. అబద్ధాలు మానేశాను కదా.

అక్కయ్యకు వేరే ఉత్తరం రాశాను. ఇదే పార్సిల్లో ఉంది.

మీ బావమరిది

*

రైలు గేటు వీధి
ఏప్రిల్ 26

బావమరిదికి,

పార్సిల్ అందింది. మీ అక్క నీ ఉత్తరం చదివింది. ఒకసారి చదివి కళ్లజోడు తీసి తుడుచుకుంది, మళ్లీ చదివింది. ఇప్పుడు నా వంక చూసి తలదించుకుంటుంది, ఒక మంచి మాట అంటుంది అని కూర్చున్నాను.

గుత్తిలోంచి తాళం చెవి తీసి నా ముందు పడేసింది.

"మా తమ్ముడి కళ్లు పోతున్నాయని తెలిసి, నెల రోజులు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నారా మీరు?" అంది.

వాడే చెప్పాలని ఆగాను అన్నాను. మీ పంతాలు మీరూ వాడూ చూసుకోండి, మధ్యలో నేనెవరిని అని అడిగింది. ముప్పై ఎనిమిదేళ్లలో ఆవిడ నాతో రెండు రోజులు మాట్లాడకపోవడం ఇదే మొదలు. తాళం చెవి వచ్చింది, మాట పోయింది. దీనికి కూడా నీ మీదే కోపంగా ఉంది. సగం నా మీద కూడా ఉంది, అది నీకు అనవసరం.

రాత్రికి ఆగలేక మధ్యాహ్నమే కిటికీలకి దుప్పట్లు కట్టి షీట్లు కడిగాను. మొదటి దాంట్లో వెనక వరసలో ఒక పిల్ల కదిలింది. రెండోది నిలబడింది. ముందు వరసలో మేట్రను పెదాల మీది పగుళ్లు తెలుస్తున్నాయి. మూడో వరస చివరి పిల్ల టోపీకి పెట్టుకున్న పిన్ను తెలుస్తోంది. కళ్లున్నప్పుడు కూడా నువ్వు గుంపుని ఇంత శుభ్రంగా తీయలేదు. ఇది పొగడ్త అనుకోకు, తాడుని పొగుడుతున్నాను.

పట్టాల మీద ఆరు అడుగుల ఫోకస్‌కి ఇంకో గీత పెట్టు, ఒక్క మొహానికి తీసేటప్పుడు పనికొస్తుంది. కుర్చీ కాళ్ల దగ్గర నేల మీద చెక్క దిగ్గొట్టు, అది కదలకూడదు. అప్పుడు నాలుగు పెట్టుకో. గోడ మళ్లీ కరుగుతుంది. గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయినవాళ్లు పోనీ. మేట్రను రాయించిన పేర్లలో మిగిలిన ముగ్గురి దగ్గరికీ వెళ్లడం మానకు.

నీ మీద కోపం తగ్గలేదు. తగ్గితే రాస్తాను. ఎదురు చూస్తూ కూర్చోకు.

మీ అక్క రేపు పొద్దున బస్సుకి నీ దగ్గరికి వస్తోంది. ఎన్నాళ్లుంటుందో నాకు చెప్పలేదు, అడిగే ధైర్యం నాకు లేదు. ఈ ఉత్తరంతో పాటు ప్రింట్లు ఆవిడ సంచిలోనే పెట్టాను. పంతొమ్మిది. ఒక్క కాగితం కూడా పాడవలేదు. మేట్రనుకి ఇచ్చే ముందు ఒక్కొక్కటీ విప్పి, ఏ మొహం ఎలా ఉందో మీ అక్క చేత నీకు చెప్పించుకో. ఆవిడ చెప్పింది నమ్ము.

మీ బావ